మా బావ బండి ఎక్కడ పెట్టాలి

మా బావ భూమన్నకు కోపం ఎక్కువని ఎడపల్లిలో అందరూ అంటారు. ముందు నుంచీ అంతే అంటే అది అబద్ధం. నేను ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చిన కొత్తలో ఆయనంత నిమ్మళమైన మనిషి మా వాడకట్టులోనే లేడు. నా పెనిమిటికి అన్న, నాకు బావ. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తువాలు దులుపుకుని అవతలికి పోయేవాడు. ఇప్పుడు మాత్రం ఎక్కడన్నా ఈల వినబడితే చాలు, మెడ నరాలు లేస్తాయి. బండి తియ్యమని ఎవరన్నా అంటే ఆ రోజు ఇక అయిపోయినట్టే. పోయిన ఎండాకాలం ఒక పెండ్లికి పోతే, ఫంక్షన్ హాలు ముందు తన ట్రాలీ ఆటో పెట్టనివ్వలేదని అక్షింతలు కూడా వేయకుండా తిరిగి వచ్చాడు. పెండ్లిలో తింటాం కదా అని లింగవ్వ అక్క ఆ పూట పొయ్యి ముట్టించలేదు. ఆమె ఆయన భార్య, నాకు తోడికోడలు. పట్టుచీర విప్పకుండానే అటుకులు నానబోసింది.

బావ బతుకంతా బండి మీదే గడిచింది. మీసాలు సరిగా రాకముందే చెరుకు ట్రాక్టరు ఎక్కాడు. ఆ కాలంలో మా దిక్కు ఎటు చూసినా చెరుకే. కోతలు మొదలైతే బావ ఇంట్లో కనబడేవాడు కాదు. చెరుకు నింపుకుని బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి పోవడం, అక్కడి యార్డులో బండి వెనక బండి పెట్టి కాంటా కోసం కాచుకోవడం, ఇదే పని. ముందు బండి మీద డ్రైవరు ఉండడు. వెనక బండి మీదా ఉండడు. ఒకడు ట్రాలీ కింద నీడకు పడుకుని ఉంటాడు, ఇంకొకడు చాయ్ తాగను పోయి ఉంటాడు. అయినా వరుస వరుసే. గేటు ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పరు. తెరిచినప్పుడు బండి దగ్గర లేనివాడి వంతు పోతుంది, వాడు మళ్లీ తోకన చేరాలి. బావ బడికి పోలేదు. ఆ యార్డే ఆయనకు బడి. అందులో నేర్చుకున్న పాఠం కూడా ఒక్కటే, వరుసలో ఉన్న బండిని విడిచిపెట్టి పోవద్దని.

ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు పోయి వరి వచ్చింది. ట్రాక్టరు ఆసామి ట్రాక్టరు అమ్ముకున్నాడు. బావ ఒక ట్రాలీ ఆటో కొనుక్కుని బియ్యం, పసుపు, పెండ్లి సామాన్లు ఏది దొరికితే అది వేసుకుని నిజామాబాద్‌కు కిరాయిలు తిప్పడం మొదలుపెట్టాడు.

ఆ ట్రాలీలోనే నా పెనిమిటిని దవాఖానకు తీసుకుపోయాం.

రెండేళ్ల కింద, నాట్లప్పుడు. పొలం గట్టు మీద నా పెనిమిటి మల్లికార్జున్ గుండె పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్సు కోసం చూస్తే ఆలస్యమవుతుందని బావే ట్రాలీలో పరుపు వేసి పడుకోబెట్టాడు. తల నా ఒడిలో పెట్టుకున్నాను. నిజామాబాద్ చేరేదాకా బావ హారన్ మీది నుంచి చెయ్యి తీయలేదు. దవాఖాన గేటులో స్ట్రెచర్ మీదికి దించామో లేదో, అక్కడి మనిషి ఈల ఊదాడు. లోడ్ బండి ఇక్కడ ఉండొద్దు, తియ్యి అన్నాడు. నా తమ్ముడు లోపలికి పోతున్నాడని బావ చెప్పాడు. అందరి తమ్ముళ్లూ లోపలే ఉన్నారని వాడన్నాడు. బావ ఎదురు చెప్పలేదు. అప్పట్లో ఎవరికీ చెప్పేవాడు కాదు. ఈ గల్లీలో తావు లేదని ఆ గల్లీకి, అక్కడ దుకాణంవాడు తిట్టాడని ఇంకో గల్లీకి తిరిగి, చివరికి బస్టాండు దిక్కు ఎక్కడో పెట్టి ఉరికి వచ్చాడు. వచ్చేసరికి అయిపోయింది.

అంతకు ముందు లోపల నా పెనిమిటి ఒకసారి కళ్లు తెరిచాడు. "అన్న ఏడి?" అన్నాడు.

"బండి పెట్టనీకె పోయిండు. అస్తడు," అన్నాను.

మా ఇద్దరి మధ్య చివరి మాట అదే. ఇన్నేళ్ల కాపురంలో ఎన్ని మాటలు మాట్లాడుకుని ఉంటాం. మిగిలింది బండి పెట్టే మాట. బావ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. అప్పటి నుంచే ఆ కోపం.

మా బిడ్డ రుచిత నిజామాబాద్‌లో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో చదువుతోంది, కాలేజీ జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. ఆట అలవాటు చేసింది వాళ్ల బాపు. ఇంటి వెనక గోడకు రింగు బిగించింది మాత్రం బావ. వెల్డింగు దుకాణంలో ఇనుప చువ్వ వంపించి తెచ్చాడు. కొలత తెలియక పెద్దది చేయించాడు. "గంపంత రింగు పెట్టినవ్ పెద్దబాపు. గిండ్ల ఏసుడు అలవాటైతే ఆడ పోయి ఓడుడే," అని అది నవ్వింది. ఆయన అప్పుడే మళ్లీ పోయి చిన్నది చేయించుకు వచ్చాడు.

వాళ్ల బాపు పోయాక అది బంతి ముట్టలేదు. నెలల తరబడి బంతి వాకిట్లో మూలకే ఉంది. ఒకనాడు సాయంత్రం బావ దాన్ని తీసుకుని రింగు వైపు విసిరాడు. విసరడం రాదు కదా, అది గోడ దాటి పక్కింటి బర్రెల కొట్టంలో పడింది. తేవడానికి రుచిత పోయింది. పేడ కడుక్కుని వచ్చి, ఎట్లా వేయాలో ఆయనకు చూపించింది. అట్లా మళ్లీ మొదలైంది.

అయినా బావ దాని ఆట ఒక్కసారి చూడలేదు. రెండుసార్లు బయలుదేరాడు. రెండుసార్లూ బండి పెట్టే తావు దొరకలేదు. గేటు దగ్గర మాటా మాటా పెరిగి తిరిగి వచ్చాడు. బండి ఇంట్లో పెట్టి బస్సులో పోరాదా అని లింగవ్వ అక్క పోరేది. కిరాయికి పోయిన ఊళ్లోనే ఆట. బండి ఇంట్లో పెడితే ఆ రోజు కిరాయి పోయినట్టే. ఆమెకూ అది తెలుసు.

ఈ సంక్రాంతి సెలవుల తర్వాత కాలేజీల పోటీలు జరిగాయి. రుచిత వాళ్లు ఫైనల్ దాకా వచ్చారు. ఫైనల్ నిజామాబాద్ బయట ఒక పెద్ద ప్రైవేటు కాలేజీలో. ముందురోజు అది బావ ముందు కూర్చుని, ఈ ఏడుతో చదువు అయిపోతుంది, ఇక ఆటలూ ఉండవు, ఇదే ఆఖరిది అని చెప్పింది. "గీసారన్నా అస్తవా పెద్దబాపు?" అని అడిగింది. వస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఇచ్చాక బయటికి పోయి బండి కడిగాడు. కడిగితే లోపలికి రానిస్తారనుకున్నాడేమో.

ఆ రోజు బియ్యం బస్తాలు గంజ్‌లో దించేసి, ఆట మొదలవడానికి చాలా ముందే కాలేజీకి పోయాం. నేను వెనక ట్రాలీలో ఖాళీ సంచులు పరుచుకుని కూర్చున్నాను. బావ పక్కన మరదలు కూర్చోవడం మా దిక్కు పద్ధతి కాదు. ఇప్పటికీ నేను ఆయన ముందు మంచం మీద కూర్చోను. ఒళ్లో లింగవ్వ అక్క రొట్టె, బెల్లం కలిపి చేసి ఇచ్చిన మలీద ముద్దల డబ్బా ఉంది.

గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ మమ్మల్ని చూసి ముందుకు పొమ్మని చెయ్యి ఊపాడు. గేటు లోపల కార్లకు తావుంది, స్కూటర్లకు తావుంది. బావ పండ్లు బిగబట్టి ముందుకు పోనిచ్చాడు. కాలేజీ గోడ పొడుగునా కార్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. వాటి మొదట్లో ఇంకో గేటు ఉంది, అది మూసి ఉంది. బావ ఆ బండ్లను చూశాడు, మూసిన గేటును చూశాడు. పోయి ఆఖరి కారు వెనక ట్రాలీ ఆపాడు. ఇంజన్ బంద్ చేసి, "గేటు తెరుస్తరు తియ్. మనది గూడ లోపటికే పోతది," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో కోపం లేదు.

కూర్చున్నాం. మా ముందు కారులో డ్రైవరు అద్దాలు ఎక్కించుకుని నిద్రపోతున్నాడు. దాని ముందు కారులో ఎవరూ లేరు. బావకు ఇందులో వింత ఏమీ కనబడలేదు. ఎండ తగ్గింది. మా వెనక ఇంకో కారు వచ్చి ఆగింది, అందులోని వాళ్లు దిగి మాట్లాడుకుంటూ నడిచిపోయారు. చాయ్‌కి పోతున్నారనుకున్నాడు బావ. తర్వాత ఇంకొకటి వచ్చింది. వాళ్లూ పోయారు. గోడ అవతల మైకు మొదలైంది. పేర్లు చదివారు. మా బిడ్డ పేరు కూడా చదివారు, మాకు వినబడింది. పిల్లల కేకలు, ఈలలు, చప్పట్లు. ఈల వినబడ్డప్పుడల్లా బావ మెడ అటు తిరుగుతోంది. గేటు తెరవలేదు.

"బావా, ఆట షురువైనట్టుంది," అన్నాను.

"మన వంతు రానియ్యి," అన్నాడు. "ఇప్పుడు ఇడిసిపెట్టి పోతే మల్ల తోకకు పోవాలె."

యార్డు సంగతి నాకేం తెలుసు. ఆయన ఇన్నేళ్లు అట్లాగే కాచుకున్న మనిషి, ఆయనకే తెలుస్తుందనుకున్నాను. గోడ అవతల ఎవరో పాయింటు కొట్టినట్టున్నారు, చప్పట్లు మారుమోగాయి. బావ స్టీరింగ్ పట్టుకునే ఉన్నాడు.

చివరికి జాఫర్ వచ్చాడు. ఆయనది బోధన్, టైలరింగ్ దుకాణం ఉంది. ఆయన బిడ్డ సుమేరా రుచితతో కలిసి ఆడుతుంది. ఆట మధ్యలో విరామం ఇస్తే, మావాళ్లు కనబడడం లేదు చూసి రమ్మని రుచిత ఆయనను పంపిందట. గోడ పొడుగునా వెతుక్కుంటూ వచ్చి మా ముందు నిలబడి, ఒకసారి బావను, ఒకసారి నన్ను చూశాడు.

"గిక్కడ ఏం జేస్తున్నవ్ భూమన్నా? సగం ఆట ఖతమైంది."

"గేటు తెరుస్తలేరు కద."

"ఏం గేటు?"

"గదే, గీ బండ్లన్ని పోయే గేటు."

జాఫర్ బండ్ల వరుసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. నవ్వబోయి, బావ ముఖం చూసి ఆపుకున్నాడు. మెల్లగా అన్నాడు. "అన్నా, ఇవి ఏడికీ పోవు. అందరు బండ్లు పెట్టి లోపట కూసున్నరు."

బావ స్టీరింగ్ మీది నుంచి చేతులు తీశాడు. తర్వాత దిగి, తన బండి టైరునే కాలితో తన్నాడు. ముందు కారు డ్రైవరు ఉలిక్కిపడి లేచాడు. బావ ముఖం చూడలేక నేను డబ్బా సర్దుకుంటూ కిందికి చూశాను. నాకూ కోపం వచ్చింది. ఆయన మీద కాదు. దిగి నడిచిపోయిన వాళ్లలో ఒక్కరికన్నా, ట్రాలీలో ఒక ఆడమనిషి, స్టీరింగ్ మీద ఒక పెద్దమనిషి ఎందుకు కూర్చున్నారని అడగబుద్ధి కాలేదు. మేము బండికి తగిలించిన సామాను లెక్కనే కనబడి ఉంటాం.

సరే, ఇప్పుడైనా పోదాం పదమని జాఫర్ అన్నాడు. బండి ఎట్లాగూ పెట్టే ఉంది కదా. మేము నాలుగడుగులు వేశామో లేదో, వెనక నుంచి ఈల.

మెడలో బిళ్ల, తలకు టోపీ పెట్టుకున్న సారు ఒకాయన వస్తున్నాడు. భానుప్రసాద్ సారని, ఆటల ఏర్పాట్లన్నీ ఆయనవేనని తర్వాత తెలిసింది. వెనకే ముసలి వాచ్‌మన్ ఉరుకుతున్నాడు. బహుమతులివ్వడానికి గెస్టు వస్తున్నాడట. ఆయన కారు ఈ రోడ్డునే వస్తుందట. ఆయన వచ్చే వేళకు ఇక్కడ లోడ్ బండి కనబడొద్దట.

"గీ కార్లు?" అన్నాడు బావ.

"అవి కార్లు."

"మరి నాది?"

"నీది లోడ్ బండి. ఎన్నిసార్లు చెప్పాలి? తియ్యి."

"ఏడ పెట్టాలె?"

బైపాస్ దాటాక ఖాళీ జాగా ఉంది, అక్కడ పెట్టి నడిచి రమ్మన్నాడు సారు. జాఫర్ బతిమాలాడు. ఆడే పిల్ల పెద్దబాపు అని చెప్పాడు. ఇక్కడికి వచ్చిన వాళ్లందరూ ఎవరో ఒకరికి ఏదో ఒకటి అవుతారు అన్నాడు సారు, అని మళ్లీ ఈల నోట్లో పెట్టుకున్నాడు.

ఆ మాట దవాఖాన గేటులో విన్న మాటే. బావ నా వైపు చూశాడు. నేనూ ఆయన వైపు చూశాను. గోడ అవతల విరామం అయిపోయినట్టుంది, మళ్లీ కేకలు లేచాయి. బావ జేబులో చెయ్యి పెట్టి తాళం చెవి తీశాడు. సారు చెయ్యి పట్టుకుని, వేళ్లు విప్పి, అందులో పెట్టి మూశాడు.

"నీకు ఏడ మంచిగ కనబడితే ఆడ పెట్టు. నేను పోతున్న."

సారు ఏదో అరుస్తున్నాడు. బావ వెనక్కి చూడలేదు. తువాలు భుజాన వేసుకుని పెద్దగేటులోంచి లోపలికి నడిచాడు. వాచ్‌మన్ ఆపలేదు, పక్కకు జరిగాడు.

సిమెంటు మెట్ల మీద జాఫర్ మాకు తావు చూపించాడు. రుచిత మమ్మల్ని చూసింది. చెయ్యి ఊపలేదు, ఆటలో ఉంది కదా. కానీ చూసింది. దాని జట్టు వెనకబడి ఉంది. అది బంతి నేలకు కొడుతూ తనకంటే పొడుగు పిల్లల మధ్య నుంచి దూరిపోతుంటే, నేను ఒళ్లోని డబ్బాను రెండు చేతులా పట్టుకున్నాను. బావకు ఆట రాదు. ఈల మోగినప్పుడల్లా మెడ తిప్పి గేటు దిక్కు చూస్తున్నాడు.

"గది ఆటది అన్నా. బండిది కాదు," అని జాఫర్ చెప్పవలసి వచ్చింది.

అంతలో మైకులో బండి నంబరు. టీఎస్ పదహారుతో మొదలుపెట్టి ఆసాంతం చదివి, ట్రాలీ ఆటో యజమాని ఎక్కడున్నా వెంటనే రావాలన్నారు. తాళం చెవి వాళ్ల చేతిలోనే ఉంది. ఆ బండి నడపడం వాళ్లలో ఎవరికీ రాదో, లోడ్ బండి ఎక్కడం నామోషీ అనుకున్నారో నాకు తెలియదు. రెండోసారి చదివారు. ఈసారి రాకపోతే పోలీసులకు అప్పజెప్తామన్నారు.

బావ లేవబోయాడు. అరచేతులు మోకాళ్ల మీద ఆన్చి సగం లేచాడు. ఆయన ఒంటికి ఆ అలవాటు ఉంది, బండి మాట వస్తే లేవడం.

"కూసో బావా," అన్నాను.

నేను ఆయనతో ఎన్నడూ అట్లా మాట్లాడలేదు. గట్టిగానే వచ్చినట్టుంది గొంతు, ముందు మెట్ల వాళ్లు తిరిగి చూశారు. బావ కూర్చున్నాడు. ముందు వరుసలో నల్లద్దాలాయన పక్కవాడితో, ఎవడో ఊరోడు లోడ్ బండి తెచ్చి అడ్డం పెట్టి పోయాడని నవ్వుతున్నాడు. బావ వంగి ఆయన భుజం తట్టాడు.

"నేనే ఆ ఊరోన్ని. ఏమంటవ్?"

ఆయన గభాలున ముందుకు తిరిగాడు. ఆట అయిపోయేదాకా నల్లద్దాలు ఇటు తిరగలేదు.

మైకు ఇంకా చదువుతూనే ఉంది. ఒక పాయింటు, ఒక బండి నంబరు. ఇంకో పాయింటు, మళ్లీ బండి నంబరు. బావ కదలలేదు. రుచిత దూరం నుంచి ఒకటి వేసింది. బంతి రింగు అంచు మీద ఆడి ఆడి లోపల పడింది. మావాళ్లందరూ లేచారు. బావ లేవలేదు, దాని దిక్కే చూస్తూ మోకాళ్లను గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోలేదు. కారుతుంటే కారనిచ్చాడు.

ఓడిపోయారు. కొద్దిలో ఓడిపోయారు. రుచిత చెమటతో అట్లాగే మెట్లెక్కి వచ్చి ఆయన ముందు నిలబడింది. నువ్వు వచ్చింది ఎప్పుడు, మొదట్లో ఎంత వెతికానో అంది.

"మొదటిసంది ఉన్న బిడ్డా," అన్నాడు బావ. "గోడవతల ఉన్న."

సంగతి నేను చెప్పాను. చెప్తుంటే దాని ముఖం ఎర్రబడింది. ఓడినందుకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. బహుమతుల దగ్గరికి పోనంది. పోవాల్సిందేనని జాఫర్ పంపాడు.

తర్వాత అందరం బయటికి వచ్చాం. ట్రాలీ ఎక్కడ పెట్టామో అక్కడే ఉంది. ముందు టైరు, వెనక ఒక టైరు నేలకు అతుక్కుని ఉన్నాయి. పిలిస్తే రాలేదన్న కసితో గాలి తీసేశారు. తీశాక అర్థమైనట్టుంది, గాలి లేని బండిని నెట్టడానికి కూడా రాదని. గెస్టు కారు దాని పక్కనుంచే వచ్చింది, దాని పక్కనుంచే పోయింది.

గాలి తీసింది ఎవరని బావ అడిగాడు. వాచ్‌మన్ నేల చూపులు చూస్తూ, సారే తీశాడని చెప్పాడు. భానుప్రసాద్ సారు తాళం చెవి తెచ్చి బావ ముందు చాపాడు. ఇక తీసుకుపొమ్మన్నాడు. ఈసారికి పోలీసులకు చెప్పకుండా వదిలేస్తున్నానన్నాడు.

బావ చెయ్యి చాపలేదు.

"గాలితోని అప్పజెప్పిన. గాలితోనే తీసుకుంట."

సారు నవ్వాలని చూశాడు. ఆడపిల్లలు జట్టు జట్టంతా వచ్చి ట్రాలీ చుట్టూ నిలబడ్డారు. రుచిత ట్రాలీ ఎక్కి కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. కార్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. బండ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, ముందు కార్లు వెనక్కి జరిగి బయటపడాలంటే మధ్యలో మా బండి అడ్డం. హారన్లు మొదలయ్యాయి. బండి తియ్యమని ఎవరో అరిచారు. సారును అడగమని బావ చూపించాడు. సారు పంక్చర్ దుకాణాలకు ఫోన్లు చేశాడు, ఆ వేళకు రామని వాళ్లన్నారు. చివరికి ఎవరి కారులోనో కాలితో తొక్కే గాలి పంపు దొరికింది. వాచ్‌మన్ అది తీసుకుని టైరు దగ్గర కూర్చోబోయాడు.

"నువ్వు లే తాతా," అన్నాడు బావ. "తీసినోన్నే గాలి కొట్టనియ్యి."

వెనక హారన్లు ఆగడం లేదు. సారు టోపీ తీసి కారు మీద పెట్టాడు. ముందు టైరు దగ్గరికి వచ్చి పంపు మీద కాలు వేశాడు. బావ గొంతుక్కూర్చుని టైరును బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇంకింత కొట్టు," అన్నాడు.